పన్నుల దొర ముందు మామ్మ సాక్ష్యం

పన్ను అనేదే లేని దేశంలో ఉద్యోగం చేసి, పన్నుల దొర గదిలో కూర్చుని చెమటలు కక్కినవాణ్ణి నేను. ఈ మాట చెబితే ఇప్పటి కుర్రాళ్లు నమ్మరు. "దుబాయ్‌లో టాక్స్ ఏంటి బాబాయ్, కోతలు కాకపోతే" అంటారు. కోతలే అయితే ఇంతకంటే బాగా కోసేవాణ్ణి. ఇందులో నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతులు చాలా ఉన్నాయి. అందుకే ఇది నిజమని మీరు నమ్మవచ్చు. నేను అల్లే అబద్ధాల్లో అన్నీ శుభ్రంగా అర్థమవుతాయి.

నా చదువు ఏడో తరగతి, అదీ సగమే. మిగతా సగం పుస్తకాలు మా ఇంటి మేక తినేసింది. దాన్ని పై తరగతికి పంపలేక నన్ను లారీ మీద క్లీనరుగా పంపించారు. క్లీనరు నుంచి డ్రైవరు, అక్కణ్ణుంచి బొంబాయి, బొంబాయి నుంచి షార్జా. ఎనభైల మొదట్లో అక్కడ ఎడారిలో ఒక అమెరికా కంపెనీ గ్యాసు పైపులు వేస్తూ ఉండేది. ఆ కంపెనీ యార్డులో నేను డ్రైవరుని. పొద్దున పికప్పులో మనుషుల్నీ సామాన్నీ మోసేవాణ్ణి, సాయంత్రం దొరల్ని కారులో మోసేవాణ్ణి. సామానే నయం, ఎక్కడ దింపితే అక్కడుండేది. నా మకాం అజ్మాన్‌లో. అద్దె తక్కువ, మనుషులెక్కువ.

యార్డు ఆఫీసులో ఒక టైపిస్టు ఉండేవాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి. తెలుగు తెలుసు గానీ, అది ఆయన దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లిపోయేది. అందుకని మా ఇద్దరి మాటా హిందీలోనే సాగేది. అమెరికావాళ్ల పన్ను సంగతి నాకు మొదట చెప్పింది ఆయనే.

"చూడు మియా, మనం ఇక్కడ సంపాదించింది మనది. ఈ దొరలకి అలా కాదు. వాళ్ల సర్కారు సముద్రం దాటొచ్చి మరీ పన్ను తీసుకుంటుంది. కాకపోతే పిల్లలుంటే కొంచెం వదులుతుంది. ఎంతమంది పిల్లలు కాగితంలో రాస్తే అంత వదులుతుంది."

"పిల్లలుంటే వదలడమేంటి భాయ్? పట్టుకోవాలి గదా."

నా అనుమానంలో తప్పేం లేదు. మన దగ్గర ఆ రోజుల్లో గోడ గోడకీ కుటుంబ నియంత్రణ ఎర్ర త్రిభుజం. ముగ్గురు పిల్లలున్నవాడు ఆఫీసరు ఎదురైతే ఇద్దరనే చెప్పేవాడు. ఆపరేషను చేయించుకున్నవాడికి మన సర్కారు డబ్బులిస్తుంటే, చేయించుకోనివాడికి అమెరికా సర్కారు పన్ను వదులుతోందా? రెండు సర్కార్లలో ఒకదానికి మతి లేదని మాత్రం తెలిసింది. ఏదో తేలలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి గదిలో చెప్పాను. మాలో ఒకాయనకి ఆరుగురు పిల్లలు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆలోచించి, "అయితే ఆ సర్కారు నాకే తిరిగి బాకీ పడుద్దిరా" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు ఆయన్ని అందరం అమెరికా అల్లుడని పిలిచాం.

టైపిస్టు ఇంకో మాట కూడా చెప్పాడు. వెనకటికి ఎవరో దొర తన కుక్క పేరు కూడా పిల్లల్లో రాశాడట. ఏ క్లాసు చదువుతోందని అడిగితే దొరికిపోయాడట. నిజమో కాదో నాకు తెలీదు. అమెరికాలో ప్రతివాణ్ణీ పట్టి పట్టి అడుగుతారని మాత్రం నా బుర్రలో నాటుకుంది. ఆ భయమే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా సూపరింటెండెంటు. తలుపులో పట్టని మనిషి, గొంతు మాత్రం తలుపు చాటున మాట్లాడుతున్నట్టుండేది. పనివాళ్లంతా అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అనేవాళ్లు. ఒకసారి చెయ్యి విరిగి ఆసుపత్రిలో పడుకుంటే, ఒక నర్సు కట్టు కట్టింది. కట్టు ఊడిన కొన్నాళ్లకి ఆవిణ్ణే పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ మా గోదావరి జిల్లా మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మొగుడు లారీ ప్రమాదంలో పోతే నర్సింగు చదువుకుని ఒక్కతే ఈ దేశం వచ్చింది. నేను కారు తలుపు తీసి "నమస్తే మేడమ్" అంటే, "మేడమేంటి తమ్ముడూ, నీ మాట వింటే మా లంకలవాడిలా ఉన్నావు" అంది. ఆ రోజు నుంచి నాకు ఆవిడ అక్క.

పెళ్లయిన కొత్తలోనే అక్క వాళ్లమ్మనీ, ఒక ఆడపిల్లనీ మన దేశం నుంచి రప్పించారు. విమానాశ్రయం నుంచి నేనే తీసుకొచ్చాను. పిల్లకి అప్పుడు నాలుగైదేళ్లు. అక్క వాళ్లమ్మని మామ్మ అని పిలిచేది, కాబట్టి నాకూ మామ్మే. అక్కని మాత్రం అక్క అని పిలిచేది. ముదీర్ నాతో "నా కూతురు" అన్నాడు. మామ్మేమో "ఎవరి పిల్లో, నా దగ్గర పెరుగుతోంది" అంది. అక్క ఏమీ అనలేదు. ముగ్గురు మూడు రకాలుగా ఉంటే డ్రైవరుకెందుకని నేను ముందు అద్దంలోంచి చూడటం మానేశాను.

ఏడాది పైన గడిచింది. ఆ వేసవికి మా ముదీర్‌కి అమెరికా బదిలీ వచ్చింది. పెళ్లాన్నీ పిల్లనీ తీసుకెళ్లాలి. దత్తత కాగితాలేవో సిద్ధమయ్యాయి. కానీ వీసాల ఆఫీసులో, పిల్ల ఈయన కూతురుగా మిగతా కాగితాల్లో కూడా కనబడాలని, పన్ను కాగితంలో కూడా ఆ పేరుండాలని మెలిక పెట్టారట. పన్ను కాగితంలో పాప పేరు పడితే అందరూ అమెరికా విమానం. పడకపోతే పాప మామ్మతో కలిసి గోదావరి జిల్లా విమానం. ముదీర్ నాకు ఇంత వివరంగా చెప్పలేదు. ఇదంతా టైపిస్టు టైపు చేస్తూ చదివింది.

ఏటా ఎండలు ముదరకముందు అమెరికా నుంచి ఒక లెక్కలాయన వచ్చి, సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో దిగి, ఊళ్లో ఉన్న అమెరికావాళ్ల పన్ను కాగితాలన్నీ రాసిపెట్టి వెళ్లేవాడు. అతన్నే మేం పన్నుల దొర అనేవాళ్లం. ముదీర్ మొదటిసారి వెళ్లొచ్చి నన్ను పిలిచాడు.

"రేపు అందరూ రావాలట. పిల్లని పెంచిన పెద్దావిడ సాక్ష్యం చెప్పాలట. నువ్వు ఆవిడ మాట చెప్పాలి."

"అక్కకి ఇంగ్లీషు వచ్చుగా సార్."

"ఆవిడ చెబితే చెల్లదట. ఆవిడ నా భార్య కదా."

నా ఇంగ్లీషు సంగతి ఆయనకి తెలుసు. స్టాప్, గో, రివర్స్, నో ప్రాబ్లమ్. ఆ నాలుగు మాటలతో సాక్ష్యం నడవదు కాబట్టి టైపిస్టుని కూడా రమ్మన్నాడు. మామ్మ గోదావరి తెలుగు నా దగ్గరికొచ్చి హిందీ అవుతుంది. నా హిందీ టైపిస్టు దగ్గరికెళ్లి ఇంగ్లీషు అవుతుంది. గ్యాసు పైపులైను కూడా ఇలాగే వేసేవాళ్లం, అతుకు అతుకుకీ కొంచెం కారుతూ.

మర్నాడు హోటలు వరండాలో అమెరికావాళ్లు కాగితాల కవర్లు ఒళ్లో పెట్టుకుని, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు. మా వంతు రాగానే ఆరుగురం ఒకేసారి గదిలోకి వెళ్లాం. పన్నుల దొర సన్నగా, పొడుగ్గా, నిద్ర చాలని ముఖంతో ఉన్నాడు. కుర్చీలు రెండే. మామ్మా అక్కా కుర్చీల్లో, ముదీర్ మంచం అంచున, నేనూ టైపిస్టూ గోడకి. పాప కిటికీ దగ్గర నిలబడి పడవల్ని చూస్తోంది. అక్క డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది, తెల్ల చీర కూడా మార్చుకోలేదు.

"పిల్లలెంతమంది?" అని పన్నుల దొర ముదీర్‌ని అడిగాడు.

"ఒక్కతే."

రాసుకున్నాడు. ఇల్లు, బడి, భోజనం ఎవరు పెడుతున్నారు, ఏడాదంతా ఇక్కడే ఉందా, ఇలాంటివేవో అడిగాడు. అన్నిటికీ ముదీర్ జవాబు చెప్పాడు. ఆఖరికి మామ్మ వైపు తిరిగాడు. సాక్ష్యమన్నాడు, నిజం చెప్పాలన్నాడు. ఆ ముక్క టైపిస్టు నాకు చెప్పాడు, నేను మామ్మకి చెప్పాను. మామ్మ చీర కొంగు సరిచేసుకుంది.

"ఈ పిల్ల మీద వీళ్లిద్దరికీ కాక ఇంకెవరికైనా హక్కుందా?"

నేను వంగి మామ్మతో, "పాప మీద ఇంకెవరికైనా హక్కుందా అంటన్నాడు మామ్మా. లేదని ఒక్క ముక్క చెప్పేస్తే పోదాం" అన్నాను.

"ఉంది గదా" అంది మామ్మ.

"ఎవరికి?"

"మా పక్కింటి చేపలావిడకి. కొనుక్కుంది గదా ఆవిడ."

మీలో గోదావరి జిల్లాల వాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు ఒక ఇంట్లో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డని చేటలో పెట్టి, పిల్లలు నిలిచిన ఇంటి ఆవిడకి అమ్మేస్తారు. ధర చేటెడు తవుడు. ఆ బిడ్డ అప్పటి నుంచి వాళ్లది. మళ్లీ వెనక్కి కొనుక్కునేదాకా కన్నవాళ్లు పెంచుతారు గానీ, మాది అని నోటితో అనరు. మా పెదనాన్న కొడుకే అలా నిలిచినవాడు, పేరు కూడా తవుడు. మా ఊళ్లల్లో అదొక వింత కాదు. కానీ షార్జాలో ఏసీ గదిలో, పెన్ను పట్టుకుని కూర్చున్న అమెరికావాడి ముందు అది వింతే.

"మామ్మా, ఆ సంగతి ఇక్కడెందుకు? లేదని చెప్పు."

"సాక్ష్యమన్నాడు గదా అబ్బాయ్ ఆయన. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని పది ఆజ్ఞల్లోనే ఉంది."

టైపిస్టు నన్ను మోచేత్తో పొడిచాడు. "ఏమంటుంది మియా? ఇంతసేపు మాట్లాడి నాకు ఒక్క ముక్క పడెయ్యవేం?"

నాకు కుక్కని రాసిన దొర గుర్తొచ్చాడు. పట్టి పట్టి అడుగుతారు వీళ్లు. దాచి దొరికిపోవడం కంటే ఉన్నది చెప్పడం మేలనుకున్నాను. "పిల్లని పుట్టగానే పక్కింటావిడకి అమ్మేశారట" అన్నాను హిందీలో.

టైపిస్టు నా ముఖం చూశాడు. జోకు కాదు గదా అన్నట్టు చూశాడు. నాతో వచ్చిన చిక్కే అది, నిజం చెప్పినా జోకులాగే ఉంటుంది. కాదన్నట్టు తలూపాను. ఆయన గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాడు. పన్నుల దొర పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మారా? ఎంతకి?"

తవుడుని హిందీలో ఏమంటారో నాకు తెలీదు. "భైంస్ కా ఖానా" అన్నాను. గేదె తిండి. టైపిస్టు దాన్ని పశువుల మేత చేశాడు. ఆ మాట వినగానే ముదీర్ మంచం మీంచి లేచాడు. అంత మనిషి లేస్తే గది చిన్నదైపోయింది.

"పశువుల మేతకి అమ్మారా?" అన్నాడు, అక్క వైపు తిరిగి. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బావుండేది.

అక్క రెండు చివరల భాషా తెలిసిన మనిషి. మా అతుకులన్నిట్లోంచీ కారుతున్నదంతా ముందు నుంచీ వింటూనే ఉంది. నోరు మాత్రం తెరవలేదు. ఇప్పుడు తెరిచింది.

"బ్రాన్" అంది. "మేత కాదు. బ్రాన్. రైస్ బ్రాన్."

తర్వాత ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. టైపిస్టు నాకు ఒక్కో ముక్కా హిందీలో అందించాడు, ఎవరూ అడక్కుండానే. పైపులైను మొదటిసారి వెనక్కి పారింది. మొదటి బిడ్డ నెల తిరక్కుండా పోయిందట. రెండోవాడు బోర్లాపడ్డాక పోయాడట. మూడోది ఈ పాప. కళ్లు తెరిచి చూడకముందే చేటలో పెట్టి పక్కింటికి ఇచ్చేశారు. చేపలావిడకి ఏడుగురు పిల్లలు, ఏడుగురూ నిలిచారు, అందుకని.

"నేను దీన్ని నా కూతురని ఎప్పుడూ పైకి అనలేదు" అంది అక్క. "ఒక్కసారి నీతో అన్నాను పెళ్లికి ముందు. అదీ ఇంగ్లీషులో."

ముదీర్ మళ్లీ మంచం అంచున కూర్చున్నాడు. "ఆ ఇద్దరి సంగతి నాతో చెప్పలేదు."

"పిల్లలున్నారా అని అడిగావు. ఒక పాప ఉందన్నాను. ఎంతమందిని కన్నావని నువ్వు అడగలేదు."

పన్నుల దొర ఇటూ అటూ చూశాడు. ఆయన చేతికి ఏదైనా పని కావాలి కాబోలు, మళ్లీ పెన్ను తీసుకున్నాడు. "అయితే మేడమ్, మీకు పిల్లలెంతమంది?"

"ముగ్గురు."

ఆ అంకె చెప్పడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నేను చూశాను. పన్నుల దొర పెన్ను ఒకటి మీద ఆగిపోయి ఉంది. "చనిపోయిన పిల్లల్ని ఇందులో రాయలేను" అన్నాడు మెల్లగా, తప్పు తనదే అయినట్టు.

"రాయమనలేదు. అడిగారు, చెప్పాను."

మామ్మ నా చొక్కా లాగింది. "ఏంటంట? ఆ పోయినోళ్ల సంగతి చెప్పేసిందా అందరికీ? పిల్ల ఇక్కడే ఉంటే?" పాప కిటికీ దగ్గర్నుంచి మా వైపు తిరిగింది. పడవలు దాటిపోయాయో, మేమే బావున్నామో.

అక్కడి నుంచి గదిలో ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. తెలియదంటే నేను అక్కడే ఉన్నాను, అందరి మాటలూ మోశాను, అయినా తెలియదు. ముదీర్ "రాయొద్దు, నా భార్యకి భయమైతే ఆ పేరు రాయొద్దు" అన్నాడు. ఇన్నాళ్లూ రాయాలని తిరిగిందేమో ఆయనే. అక్క "కాదు, రాయండి" అంది. ఇన్నాళ్లూ నోరు విప్పనిదేమో ఆవిడ. రాయకపోతే వీసా సంగతేంటని పన్నుల దొర. రాస్తే చేపలావిడ సంగతేంటని మళ్లీ ఆయనే. నేను కంగారులో మామ్మతో హిందీలోనూ, టైపిస్టుతో గోదావరి తెలుగులోనూ మాట్లాడేస్తున్నాను. టైపిస్టు "ఏయ్, నాతో ఆయ్ ఏంటి మియా" అని కసురుకున్నాడు.

అందరినీ ఆపింది మామ్మే. అరవలేదు. చేతిలో రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అబ్బాయ్, నేను చెప్పేది చక్కగా చెప్పు. మా అమ్మాయి నోటితో మాత్రం అనకూడదు. కన్న నోరు గదా అది. అల్లుడుగారు కన్నారేంటి? ఆయన ఎంతమందితోనైనా చెప్పుకోవచ్చు, ఎక్కడైనా రాసుకోవచ్చు. ఆయనకేం దోషం లేదు. కానీ ఉత్తినే ఎలా రాసుకుంటారు? కొనుక్కోవాలి గదా."

"చేపలావిడ ఇక్కడ లేదు గదా మామ్మా."

"బయల్దేరేటప్పుడు అడిగాను. ఎవరన్నా కొంటానంటే నా తరపున నువ్వే తీసుకో వదినా అంది. ఆవిడ మాటంటే మాటే."

నేను చెప్పాను, టైపిస్టు చెప్పాడు. విచిత్రమేంటంటే పన్నుల దొర నవ్వలేదు. బుర్ర పక్కకి వంచి, "ఆ అధికారం కాగితం మీద ఇచ్చిందా?" అని అడిగాడు.

మామ్మ ఆయన్ని జాలిగా చూసింది. "కాగితమెందుకు? పొయ్యి దగ్గర చెప్పింది."

ముదీర్ ఈలోపు నా భుజం పట్టుకున్నాడు. "ఈ బ్రాన్ ఎక్కడ దొరుకుతుంది? కారు తీయి."

గొర్రెల బజారుకి పోతే గోనెల్లో ఉంటుందేమోనని నేను తాళాలు తీశాను. పన్నుల దొర ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. స్నానాల గదిలోకి వెళ్లి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. రోజూ పొద్దున్నే పాలల్లో కలుపుకుని తాగుతాడట. లేకపోతే ఈ ఎండదేశాల్లో ఆయన కడుపు కదలదట. ఆ ముక్క ఇంగ్లీషు నుంచి హిందీలోకి రావడానికి కొంచెం సిగ్గుపడింది గానీ, వచ్చింది.

పెట్టె నిండా తవుడు.

మామ్మ చిటికెడు తీసి వాసన చూసింది. నాలిక మీద వేసుకుంది. "వరి తవుడు కాదిది, గోధుమ తవుడు."

"ఫారిన్ తవుడు మామ్మా. అమెరికాది" అన్నాను.

"అయితే అయింది. చేటేది?"

చేట ఎక్కణ్ణుంచి తెస్తాం? టీ కప్పులు దింపేసి ప్లాస్టిక్ పళ్లెం ఇచ్చాం. మామ్మ పెదవి విరిచినా ఒప్పుకుంది. పాపని పిలిచి ఒక కాలు అందులో పెట్టమంది, అంతకంటే ఎక్కువ పట్టదు కాబట్టి. పాప చెప్పు విప్పి పాదం పెట్టింది. మామ్మ లేచి నిలబడి కొంగు పట్టింది. ముదీర్ పెట్టె ఎత్తి కొంగులో పోశాడు. కాస్త పోసి ఆగబోతే మామ్మ ఊరుకోలేదు.

"అల్లుడుగారికి చెప్పు. అప్పుడు అరచేతిలో పట్టే పిల్ల, చేటెడుకిచ్చాం. ఇప్పుడు ఇంత చేసి పెంచాను. అదే ధరకిస్తే చేపలావిడ నా గడప తొక్కనిస్తుందా?"

ఆ మాట మూడు భాషల్లో ప్రయాణం చేసి ముదీర్‌ని చేరింది. ఆయన పన్నుల దొరని చూశాడు. పన్నుల దొర కళ్లు మూసుకుని తలూపాడు. పెట్టె మొత్తం బోర్లించారు. ఆ తర్వాత ఆయన మిగతా ప్రయాణం ఎలా గడిచిందో ఆయన కడుపుకే తెలియాలి.

మామ్మ కొంగు ముడి వేసి, పాప చెయ్యి తీసి ముదీర్ చేతిలో పెట్టింది. "ఇదిగో, తీసుకోండి. ఇక మీ పిల్ల." టైపిస్టు ఇంగ్లీషులో చెప్పబోతే ముదీర్ వద్దని సైగ చేశాడు. ఆ ఒక్క మాటకీ ఆయనకి మేం అక్కర్లేకపోయింది. పాప చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు, పిచ్చుకని పట్టుకున్నట్టు.

"ఖలాస్" అన్నాడు టైపిస్టు, చెమట తుడుచుకుంటూ. "నా జిందగీలో ఇంత చిన్న బేరానికి ఇంత పెద్ద తర్జుమా చేయలేదు."

పన్నుల దొర కుర్చీలో కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. మామ్మని మొదట అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాడు. "ఈ పిల్ల మీద ఇంకెవరికైనా హక్కుందా?"

మామ్మ కొంగు ముడి పైకెత్తి చూపించింది. "లేదు. తవుడు ముట్టింది."

ఆయన రాశాడు. ఏం రాశాడో నాకు తెలియదు. అమెరికా రూల్సులో తవుడు చెల్లుతుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ దొర మా మామ్మని నమ్మి రాశాడా, త్వరగా వదిలించుకుందామని రాశాడా, దత్తత కాగితాలు ఎలాగూ ఉన్నాయి గదా అని రాశాడా? ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. టైపిస్టుతో వాదించాను కూడా. చట్టం ప్రకారమే రాశాడు, మిగతాదంతా మన తమాషా అనేవాడు ఆయన. తమాషా అయితే మరి ఆ దొర హక్కు సంగతి మళ్లీ ఎందుకడిగాడు?

మామ్మని ఒక మాట మాత్రం అడిగాను, వరండాలో లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు. "మీరు ప్రార్థన చేసుకునే మనుషులు గదా మామ్మా. ప్రభువుని నమ్మి, ఈ తవుడేంటి?"

"ప్రభువుకి తెలుసురా అబ్బాయ్, పిల్ల ఎవరిదో" అంది. "చావుకి తెలియకూడదని."

మీరు చదువుకున్నవాళ్లు, నవ్వుకోండి. నేను ఆ రోజు వరండాలో నవ్వాలనే చూశాను. ఎవరి మీద జోకు వేయాలన్నా ముందు మనకి విషయం అర్థం కావాలి. నా బతుకులో జోకు రాని రోజులు చాలా తక్కువ, అదొకటి.

ముదీర్ ఇంకా ఏవో సంతకాలున్నాయని హోటల్లోనే ఉండిపోయాడు, టైపిస్టు కూడా. ఆడవాళ్లు ముగ్గుర్నీ నేను ఇంటికి తీసుకొస్తున్నాను. వెనక సీట్లో కిటికీ పక్కన మామ్మ, కొంగు ముడి విప్పకుండా. ఇటుపక్క అక్క. మధ్యలో పాప. రౌండ్‌అబౌట్ దగ్గర బళ్లు ఆగిపోయి ఉన్నాయి.

పాప అక్క వైపు తిరిగింది. చాలాసేపటి నుంచి లెక్క కట్టుకుంటున్నట్టుంది.

"ఆయన తవుడిచ్చాడు గదా. నువ్వేమిచ్చావు?"

మామ్మ కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుంది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనకవాడు హారన్ కొట్టాడు. నేను కారు కదపలేదు.

"నేను నిన్నిచ్చాను" అంది అక్క.

పాప ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పిల్లలు బిళ్ల నోట్లో వేసుకోబోయే ముందు చూసుకుంటారే, అలా. తర్వాత సీటు మీద జరిగి, అక్క ఒళ్లోకి ఎక్కి, తెల్ల చీర కుచ్చిళ్లు రెండు గుప్పిళ్లా పట్టుకుంది.

"సరే" అంది. "ఇంకెవరికీ ఇవ్వకు."